డాక్టరమ్మ మొహం చూసి

పురానాపూల్, హైదరాబాద్
2024 ఆగస్టు 11

అభీ,

అమ్మ బాగుంది. క్లినిక్ బాగుంది. నేను బాగున్నానో లేదో ఉత్తరం చివరికొచ్చేసరికి నీకే తెలుస్తుంది. అది కనిపెట్టడమే కదా మనిద్దరి కొలువు.

ఫోన్లు వద్దు, ఉత్తరాలు రాసుకుందామన్నది నీ మాటే. నీ కారణం నాకు నచ్చింది కూడా. ఫోన్లో మనం మాట్లాడుకోం, ఒకరి గొంతు ఒకరం పరీక్ష చేసుకుంటాం. "వదినా, నిద్ర పడుతోందా?" అని నువ్వు. "ఏమే, మాటలు తరుముతున్నట్టు వస్తున్నాయి?" అని నేను. మేనత్త కూతురూ మేనమామ కూతురూ ఇద్దరూ సైకియాట్రిస్టులైతే ఇంతే. కాగితానికి గొంతు లేదు, హాయి.

మొన్న పేపర్లో నీ ఫోటో పడింది. "ఒక చేత్తో వైద్యం, ఒక చేత్తో పరిశోధన" అని హెడ్డింగు. అమ్మ దాన్ని కత్తిరించి పూజగది తలుపుకు అతికించింది. పొద్దున దీపం పెట్టబోతే అమ్మవారికన్నా ముందు నీ మొహం. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది: "మా అన్న బిడ్డ. పేషంట్లను చూస్తది, మల్ల రీసెర్చి గూడ చేస్తది." "నేను గూడ చూస్త గదమ్మా పేషంట్లను" అన్నాను. "చూస్తవు తియ్యి. గిది పేపర్ల వడ్డది గదా" అంది.

అసూయగా ఉందని రాస్తే నవ్వుతావు. రాస్తున్నాను. నీకన్నా ముందు నువ్వున్న సంస్థ నుంచే పరిశోధనకు నాకు పిలుపొచ్చింది. అదే నెలలో మా సారు రిటైరవుతూ యాకుత్‌పురా స్టేషన్ ఎదుటి క్లినిక్ తాళాలు నా చేతిలో పెట్టారు. నేనే ఎంచుకున్నాను. ఎవరైనా బలవంతపెట్టి ఉంటే బాగుండేది, ఇన్నాళ్ళూ వాళ్ళను తిట్టుకుంటూ గడిపేదాన్ని.

నీ స్టడీకి రెండో కేంద్రం కావాలన్నావు. ఏళ్ళ తరబడి మందులు వాడాల్సినవాళ్ళు నిజంగా వాడుతున్నారా అని అడుగుతావట. రా. కానీ నా దగ్గర నీకు పెద్దగా ఏమీ దొరకదు. నా వాళ్ళు మందులు మానరు. మనసు ఒకసారి ఉప్పొంగి ఒకసారి కుంగిపోయే జబ్బుకు లిథియం వాడే ముస్లిం పేషంట్లను రంజాన్‌కు ముందు నెలలోనే పిలుస్తాను. పగలంతా మంచినీళ్ళు తాగకపోతే ఒంట్లో ఆ మందు పాళ్ళు పెరిగిపోతాయి, ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెడుతుంది. అందుకని పొద్దుగూకాక ఇఫ్తార్‌కు ఎంత, తెల్లవారుజామున సహర్‌కు ఎంత అని ఎవరికి వాళ్ళకు నా చేత్తో రాసిస్తాను. రంజాన్‌కు ముందూ, ఈద్ తర్వాతా రక్తపరీక్షలు చేయిస్తాను. అన్నీ లెక్కలోనే ఉంటాయి.

ఇక్కడే నా సంగతి. ఇక్బాలున్నీసా ఆపా అని రిటైరైన టీచరమ్మ, నేను క్లినిక్ చేపట్టిన ఏడాది నుంచీ నా పేషంటే. కొడుకు ఉజైర్‌కు గుడిమల్కాపూర్ మార్కెట్లో పూల దుకాణం. ఆపా ఎప్పుడొచ్చినా నాకో మూర పూలు. ఏటా ఈద్ అయ్యాక ఆమెకు నిద్ర తప్పుతుంది, మాట పెరుగుతుంది. ఇంకా కొందరికీ ఇదే వరస. మందు వేసుకుంటూనే ఉన్నారు, మరి ఎందుకు? ఉపవాసాల నెలలో నిద్రవేళలు తారుమారై, ఆ దెబ్బ ఆలస్యంగా బయటపడుతోందని నా ఊహ. అందుకే ఈద్ తర్వాత మోతాదు కొంచెం పెంచుతాను. అభీ, ఇది నా పేపరు. ఇన్నేళ్ళుగా కడుపులో మోస్తున్నాను. చెయ్యి పట్టుకుని రాయించే భారం నీది.

ఫోటో పడని
నీ వదిన
కోమలవల్లి


బెంగళూరు
2024 ఆగస్టు 25

వదినకు,

ఆ ఫోటోలో నేను వేసుకున్న తెల్లకోటు నాది కాదు, పక్క గది డాక్టరుది. నాది ఉతుకులో ఉంది. అత్తకు చెప్పకు. పోనీ చెప్పు, నీకు కొంచెం హాయిగా ఉంటుంది.

రెండు చేతుల సంగతి పేపరువాళ్ళకేం, రాసేస్తారు. ఓపీలో నన్ను "రీసెర్చి మేడమ్, ఎప్పుడు లేచిపోతుందో తెలీదు" అంటారు. రీసెర్చి మీటింగులో "ఓపీ ఉన్నావిడ, లేటుగానే వస్తుంది" అంటారు. ఇటు చూస్తే అటు బాకీ. ఈ స్టడీ గట్టెక్కకపోతే వచ్చే ఏడాది నుంచి పరిశోధన రోజులు తీసేసి నన్ను పూర్తిగా ఓపీలో వేస్తామని పైవాళ్ళు చెప్పేశారు. రెండో కేంద్రం లేకపోతే స్టడీ లేదు. నువ్వు రమ్మన్నావు చూడు, ఆ ఒక్క మాటతో నాకు అన్నం సయించింది.

నీ ఈద్ ప్రశ్న మంచి ప్రశ్న వదినా. ఇలాంటిది మా ఏసీ గదుల్లో పుట్టదు. రాద్దాం. మొదటి పేరు నీది.

ఇక షరతులు. కోపం తెచ్చుకోకుండా చదువు. అక్టోబరులో నేనే వస్తాను. నీ క్లినిక్ మేడ మీది గదిలో ఒక్కొక్కరితో మాట్లాడతాను. ఆ గదిలో నువ్వు ఉండకూడదు. మీ కాంపౌండరు మహబూబ్ భాయ్ కూడా ఉండకూడదు. వాళ్ళు చెప్పింది వాళ్ళ డాక్టరుకు చేరదని ముందే మాటిస్తాను. అందరివీ కలిపిన లెక్కలే నీకొస్తాయి, ఎవరేం చెప్పారన్నది రాదు. అప్పటికప్పుడు ప్రాణం మీదికొచ్చే సంగతైతే తప్ప. ఇది నీ మీద అపనమ్మకమని అనుకోకు. నా ఓపీలోనూ నా పేషంట్లను వేరేవాళ్ళే అడుగుతారు.

వచ్చేటప్పుడు నీకేం తేను? మైసూరుపాక్ అనకు, పోయినసారి అత్త మొత్తం తినేసి నా మీద చెప్పింది.

అరువు కోటు
అభిజ్ఞ


పురానాపూల్
2024 అక్టోబర్ 20

అభీ,

నువ్వు వెళ్ళాక మేడ మీది గదికి తాళం వేశాం. ఫ్యాను లోపల తిరుగుతూనే ఉందని మహబూబ్ ఇవాళ కనిపెట్టాడు. "చిన్న డాక్టరమ్మ పోయింది, గాలి ఇడిసిపెట్టి పోయింది" అన్నాడు.

నేను షరతు తప్పలేదు. మెట్లెక్కలేదు. కానీ మెట్ల కిందే నా గది, చెవులు తీసి సొరుగులో పెట్టుకోలేను కదా. మాటలు వినపడలేదు. నవ్వులు వినపడ్డాయి. ఇన్నేళ్ళలో నా ఎదుట పమిట చాటున తప్ప నవ్వని ఇక్బాలున్నీసా ఆపా నీ దగ్గర పకపకా నవ్వింది.  దిగి వచ్చినప్పుడు చూస్తే మాత్రం కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏమైంది ఆపా?" అన్నాను. "ఏం లేదు డాక్టరమ్మా, కండ్లల్ల దుమ్ము వడ్డది" అంది. ఆ గదిని నువ్వొచ్చే ముందే కడిగించాను.

నాగమణమ్మ తెలుసుగా, పాతబస్తీలో ఏ గుళ్ళో ఏ పూజ ఉన్నా ఉపవాసముండే మనిషి. ఆమె దిగొచ్చి నాతోనే అంటుంది: "గా మేడమ్ మస్తు మంచిగ అడుగుతది. మన ఇంటి మనిషి లెక్క." ఇన్నాళ్ళూ నేనెవరింటి మనిషినో అడగబోయి ఊరుకున్నాను.

నా అసూయ నీ మీదా, నా పేషంట్ల మీదా? పెళ్ళాం వేరే ఎవరితోనో నవ్విందని గొడవపడే మగవాళ్ళు నా దగ్గరికి వైద్యానికి వస్తుంటారు. వాళ్ళకు నేను చెప్పే మాటలన్నీ నాకు నేను చెప్పుకున్నాను. ఒక్కటీ పని చేయలేదు. ఇన్నాళ్ళూ వాళ్ళకు ఎలా పని చేశాయో మరి.

మా అమ్మ కూడా అంతే. వంటింట్లో నీతో గుసగుసలాడుతూ, నేను రాగానే "చారుల ఉప్పు ఎక్కువైందా అని అడుగుతున్న" అంది. ఆ రోజు చారే పెట్టలేదు. మా అమ్మను కూడా నీ స్టడీలో చేర్చుకున్నావా ఏమిటి?

సరే, ఇదంతా గాలికి వదిలెయ్. ఈ ఉత్తరంతో నా పేపరు ముసాయిదా పెడుతున్నాను. ఈద్ తర్వాతి నిద్రలేమి. సాయంత్రాలు క్లినిక్ ముగించి రాసుకున్నాను. రాస్తుంటే ఎంత బాగుందో చెప్పలేను. పేషంటు ఎదురుగా లేకుండా పేషంటు గురించి ఆలోచించడం ఇంత సుఖమని నీకు తెలుసు, నాకిప్పుడే తెలిసింది.

మెట్ల కింది
వదిన


బెంగళూరు
2024 నవంబర్ 3

వదినకు,

ఫ్యాను ఆపనందుకు క్షమించు. మహబూబ్ భాయ్‌కి నా సలాం.

ముసాయిదా రెండుసార్లు చదివాను. చక్కగా రాశావు. కానీ ఆ పేపరు ఇప్పుడే వద్దు. కొన్నాళ్ళు పక్కన పెట్టు. ఎందుకని అడగకు.

నువ్వు ఉత్తరంలో రాసిన పేర్ల గురించి నేనేమీ అనను. వాళ్ళు నాతో మాట్లాడారో లేదో కూడా నేను చెప్పకూడదు. నువ్వు పంపినవాళ్ళే అయినా సరే. నవ్వుకోకు, పద్ధతి అలాంటిది.

ఇక్కడ ఓపీ పొంగిపొర్లుతోంది. చిన్న ఉత్తరానికి అదే కారణం, వేరే అర్థాలు వెతకకు.

అభి


పురానాపూల్
2025 జనవరి 5

అభిజ్ఞకు,

నువ్వు పంపిన ఫలితాలు చదివాను. మొదటి కేంద్రం, రెండో కేంద్రం. మొదటిది మీ ఆస్పత్రి. రెండోది నేను.

మందులు మధ్యలో ఆపేసేవాళ్ళు రెండు చోట్లా దాదాపు ఒకే మోస్తరు అని రాశావు. బాగుంది, లోకం తీరు అది. కానీ ఆపేసి ఆ సంగతి డాక్టరుకు చెప్పనివాళ్ళు రెండో కేంద్రంలో ఎంతో ఎక్కువ. ఆపైన ఒక వాక్యం: "డాక్టరుతో పరిచయం ఎంత పాతదైతే దాపరికం అంత ఎక్కువగా కనిపించింది." ఆ వాక్యం రాసేటప్పుడు నీకు నా మొహం గుర్తొచ్చిందా? నేను వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళకు వెళ్ళాను. పోయినవాళ్ళ జనాజాల వెనక నడిచాను. ఆ పరిచయమంతా కలిసి నీ పేపర్లో ఒక జబ్బు లక్షణమైంది.

ఇంకో వాక్యం ఉంది. "పండుగలు, ఉపవాసాల కాలంలో మందు పూర్తిగా ఆపేవారూ ఉన్నారు." ఇప్పుడర్థమైంది నా పేపరు ఎందుకు పక్కన పెట్టమన్నావో. ఉపవాసాల మాట ఎవరిది? నాది. ఈద్ సంగతి నీకు ఎవరు చెప్పారు? నేను. నా ప్రశ్నను తీసుకెళ్ళి నీ పేపర్లో ఒక వరుసగా కుట్టేసుకున్నావు. ఒక చేత్తో వైద్యం, ఒక చేత్తో పరిశోధన. మూడో చెయ్యి కూడా ఉందని పేపరువాళ్ళకు తెలియదు.

అది కూడా పోనీ. మార్చిలో రంజాన్. లిథియం ఉన్నట్టుండి ఆపితే ఏమవుతుందో నేను నీకు చెప్పక్కర్లేదు. నా పేషంట్లలో ఎవరు ఆపుతున్నారో నీకు తెలుసు, నాకు తెలియదు. నువ్వు నాలుగు వందల మైళ్ళ అవతల ఓ ఫైల్లో వాళ్ళను పెట్టుకుని కూర్చున్నావు. రోజూ వాళ్ళ నాడి చూసేది నేను. పేర్లు పంపు.

ఆపా కాదని నాకు తెలుసు. ఆమె రక్తపరీక్షలు గడియారంలా ఉంటాయి. మిగతావాళ్ళ పేర్లు పంపు.

కోమలవల్లి


బెంగళూరు
2025 జనవరి 12

వదినకు,

నీ ఉత్తరం ఓపీలో చదివాను. తప్పు చేశాను. తర్వాత వచ్చిన పేషంటు "మేడమ్, మీకు బాగోలేదా" అని అడిగింది.

నీ ప్రశ్నను నేను తీసుకోలేదు. ఆ వాక్యం నీ ముసాయిదాలోంచి రాలేదు, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేను. నిన్ను నమ్మించడానికి నా దగ్గర ఉన్న ఒకే ఒక్క దారి వాళ్ళ మాటలు నీకు చెప్పడం. ఆ దారి మూసి ఉంది.

పేర్లు పంపను. ప్రాణం మీదికొచ్చినట్టు ఎవరూ లేరు. ఉండి ఉంటే ఆ రోజే మెట్లు దిగి నీ దగ్గరికి వచ్చేదాన్ని. ప్రతి ఒక్కరికీ చెప్పాను, ఈ సంగతి మీ డాక్టరమ్మకు మీరే చెప్పండని. చెబుతామన్నారు. ఇంకా టైముంది. అందరితో మాట్లాడు. పేర్లు తెలియాల్సిన పనేముంది, అందరూ నీ వాళ్ళే కదా.

"జనాజాల వెనక నడిచాను" అన్నావు. నాకు తెలుసు. ఆ వాక్యం రాసేటప్పుడు నీ మొహం గుర్తొచ్చింది. అయినా రాశాను.

అభి


పురానాపూల్
2025 జనవరి 26

అభిజ్ఞకు,

అందరితో మాట్లాడమన్నావు. మాట్లాడాను. ఎవరి ముఖం చూసినా "నువ్వేనా?" అనిపిస్తోంది. "మందులు బరాబర్ వేసుకుంటున్నారు కదా?" అని ఇన్నాళ్ళూ అడిగినట్టే అడిగాను. అందరూ "బరాబర్ డాక్టరమ్మా" అన్నారు. ఇదివరకు ఆ మాట వింటే అలసట తీరేది. ఇప్పుడు సూదిలా దిగుతోంది.

ఉపవాసాలనగానే నాకు తట్టింది నాగమణమ్మ. కార్తీకం, ఏకాదశులు, శనివారాలు, ఆమెకు తిండి ఉన్న రోజులే తక్కువ. మొన్న రాగానే గట్టిగా అడిగాను. "ఉపవాసముంటే మందులు మానేస్తున్నవట, నాకు తెల్సింది" అన్నాను. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కూడా విన్నారు.  "ఎవ్వరు చెప్పిన్రు నీకు? నేను ఉపాసమున్నా గోలీ తప్పియ్యను. దేవునికి తెల్సు. పైనున్న మేడమ్ ఎవ్వరికి చెప్పనని చేతిల చెయ్యేసింది, చెప్పిందా మరి?" అని సంచి తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. మహబూబ్ ఫోన్ చేస్తే కట్ చేసింది.

నీ స్టడీ రాకముందు నాగమణమ్మ నా దగ్గరికి వచ్చేది. నాకు తెలిసిన లెక్క అదొక్కటే.

ఆ స్టడీ అసలు నాకెందుకు? పద్ధతిగా బతుకుతున్న క్లినిక్‌లోకి పరిశోధనను రానిచ్చాను, పేరు కోసం. నిజమే, పేరు కోసమే. ఇంట్లో తలుపు మీద నీ ఫోటో లేకపోతే నేను సరేననేదాన్నా అని ఆలోచిస్తున్నాను. 

ఒకటే చెబుతున్నాను. రంజాన్ లోపల నువ్వు పేర్లు పంపితే సరి. లేదంటే నా క్లినిక్‌ను మీ స్టడీలోంచి తీసేయమని మీ ఆఫీసుకు రాస్తాను. కేంద్రం బాధ్యురాలిగా ఆ హక్కు నాకుందని నువ్వు పంపిన కాగితాల్లోనే ఉంది. రెండో కేంద్రం లేకపోతే నీకేమవుతుందో నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను.

కోమలవల్లి


బెంగళూరు
2025 ఫిబ్రవరి 2

వదినకు,

రాయి. ఆఫీసు చిరునామా కింద పెడుతున్నాను, వెతుక్కునే పని లేకుండా.

పేర్లు పంపను. ఆ మేడ మీద నేను వాళ్ళకు మందు ఇవ్వలేదు, సలహా ఇవ్వలేదు, కనీసం చాయ్ కూడా ఇప్పించలేదు. ఒక మాట ఇచ్చాను, అంతే. అది కూడా వెనక్కి తీసుకుంటే నేను వాళ్ళ దగ్గర్నుంచి దొంగతనం చేసినట్టే. పూర్తిగా ఓపీలో వేస్తే వేయనీ. పేషంట్లను చూడటం శిక్షేమీ కాదని నీకన్నా ఎవరికి బాగా తెలుసు.

నాగమణమ్మ గారి దగ్గరికి వెళ్ళు. నేను ఏమీ చెప్పలేదని ఆమెతో చెప్పు. నా కోసం ఇది ఒక్కటి చెయ్యి.

నా ప్రశ్నల్లో లేని మాటొకటి ఉంది. లెక్కల్లోకి ఎక్కలేదు, ఏ ఒక్కరిదీ కాదు, అందుకని రాయవచ్చనుకుంటున్నాను. మాట్లాడటం అయిపోయాక, చాలామంది తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "మా డాక్టరమ్మకు చెప్పకు బిడ్డా, బాధపడతది." కొంచెం అటూ ఇటూగా, ఉర్దూలో కొందరు, తెలుగులో కొందరు. మాట అదే. మూడో రోజు సాయంత్రం నేను కిందికి రాకుండా ఆ గదిలోనే కూర్చుండిపోయాను గుర్తుందా? తలనొప్పి అన్నాను. తలనొప్పి లేదు.

నా పేషంట్లు కూడా మందులు మానేస్తారు వదినా. మానేసి, మానేశామని నా మొహం మీదే చెబుతారు. వచ్చే నెల ఆ కుర్చీలో నేనుంటానో ఇంకెవరుంటారో వాళ్ళకు తెలియదు. నా పేరు కూడా చాలామందికి తెలియదు. అందుకే మా కేంద్రంలో దాపరికం తక్కువ. ఫలితాల్లో అది నా గొప్పలా కనిపిస్తుంది. నేను బాధపడతానని అబద్ధమాడిన పేషంటు ఇంతవరకూ నాకు ఒక్కరూ లేరు.

నీకు నా ఫోటో మీద కన్ను. నాకు నీ బల్ల మీది ఆ పూల మీద ఎంత కుళ్ళుగా ఉండేదో తెలుసా? రోజూ ఎవరో ఒకరు తెచ్చేవారు. నువ్వు వాటిని తలలో పెట్టుకుంటూనే తర్వాతి పేషంటును పిలిచేదానివి, అదేదో జీతంలో భాగమన్నట్టు.

అత్తను అడిగానని చెప్పు.

అభి


పురానాపూల్
2025 ఫిబ్రవరి 23

అభీ,

మీ ఆఫీసుకు నేను ఏమీ రాయలేదు. ముందు ఆ సంగతి చెప్పి మిగతాది చెబుతాను.

నీ ఉత్తరం వచ్చాక కూడా కోపం తగ్గలేదు. పళ్ళ మధ్య పీచులా ఇరుక్కుని ఉంది. "బాధపడతది" అన్నారట. నాకు బాధ కలగకుండా చూడమని వాళ్ళనెవరు అడిగారు అనుకున్నాను. అలా అనుకుంటూనే ఆ ఆదివారం డాబా మీద కరివేపాకు కుండీలో మట్టి గుల్ల చేస్తున్నాను. తెల్లగా ఏవో బయటపడ్డాయి. సగం కరిగిన మాత్రలు. అమ్మ బీపీ మాత్రలు.

కిందికి తెచ్చి అమ్మ ముందు పెట్టాను. "ఏందివి?" అన్నాను.

"చెట్టుకు మంచిదని" అంది.

"కర్యపాకు చెట్టుకు బీపీ ఉన్నదా అమ్మా?"

"గవి వేస్కుంటే కాళ్ళు వాస్తున్నయే. చెప్పులు వడ్తలేవు."

"నాకు చెప్పొద్దా? మందు మార్పిస్త గదా."

"చెప్తే నీ మొకం గట్ల అయితది."

"ఎట్ల?"

"ఇగో, గిప్పుడున్నట్ల."

నేను వెళ్ళి అద్దంలో చూసుకున్నాను అభీ. నవ్వకు. నిజంగా వెళ్ళి చూసుకున్నాను. ఎవరో పరీక్ష తప్పితే వాళ్ళ టీచరు పెట్టే మొహం. కోపం కూడా కాదు, ఇంత చేశానే అన్నట్టు ఉంటుంది. ఇన్నేళ్ళుగా బల్లకు అటువైపు కూర్చున్నవాళ్ళు చూస్తున్నది ఇదన్నమాట. "మరి అభికెట్ల చెప్పినవు?" అని అడిగాను అమ్మను. "అది మొకం పెట్టది. 'వదినకు చెప్పత్తా' అన్నది, తిన్నది, పన్నది" అంది. చారు ఉప్పు గుట్టు అదీ. బీపీ మందు మార్పించాను.

మర్నాడు మహబూబ్‌తో చెప్పి పేషంటు కుర్చీని బల్ల అవతలి నుంచి తీయించి నా పక్కన వేయించాను. రెండు కుర్చీలూ కిటికీ వైపు. ఎదురుగా స్టేషన్, పట్టాలు. "ఏంది మేడమ్, టికెట్లు గూడ మనమే ఇస్తమా?" అన్నాడు. రంజాన్‌కు ముందు పిలవాల్సినవాళ్ళందరినీ పిలిచాను. "బరాబర్ వేసుకుంటున్నారు కదా?" అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నలోనే జవాబు పెట్టి ఇస్తున్నానని ఇన్నాళ్ళకు తెలిసింది. "ఏ గోలీ వేస్కోబుద్ధి గాదు?" అని అడిగాను. వాళ్ళూ బయటికే చూస్తున్నారు, నేనూ బయటికే చూస్తున్నాను.

కొందరు ఏమీ చెప్పలేదు. కొందరు చెప్పారు. గురువారం ఇక్బాలున్నీసా ఆపా వచ్చింది. కుర్చీని చూసి, నన్ను చూసి, కూర్చుంది. ఒక లోకల్ రైలు వెళ్ళింది. ఇంకోటి వచ్చి ఆగింది. అప్పుడు మొదలుపెట్టింది.

"డాక్టరమ్మా, బురా మత్ మానో, తప్పుగ అనుకోవద్దు. రంజాన్‌ల నేను గోలీలు వేస్కోను. ఒక్కటి గూడ. మొదటి ఏడు వేస్కున్న. దూప ఆగలే. పొద్దు వాలే అసర్ నమాజ్ కాడికి నాలుక అంగిలికి అంటుకపోయింది. రోజా ఉపాసం ఇడువాల్నా, గోలీ ఇడువాల్నా? గోలీ ఇడిసిన. ఈద్ అయినంక మల్ల షురూ జేస్త."

"మరి రక్తపరీక్షలు, ఆపా?"

"మీరు రాసిచ్చిన తారీఖు ముంగట వారం పాబందీగ, ఒక్క పూట తప్పకుంట వేస్కుంట. రిపోర్ట్ ఖరాబైతే మీ పేరు ఖరాబైతది గదా."

"ఒక్కసారన్న చెప్పకపోతివి."

"మీరు అంత ఫికర్ జేసి టైములు రాసిస్తుంటిరి. ఎట్ల చెప్పాలె? లిహాజ్ ఉంటది గదమ్మా మనిషికి."

మొహమాటం అందామా, మర్యాద అందామా? ఆ రెంటికన్నా కొంచెం లోతు. నేను పట్టాల వైపే చూస్తూ కూర్చున్నాను. ఈద్ తర్వాత ఆమెకు నిద్ర తప్పించింది ఉపవాసం కాదు, ఆపేసిన మందు. దానికి నేనేం చేశాను? వేసుకోని మందుకు ఏటా మోతాదు పెంచాను. పెంచిన కొద్దీ దూప ఎక్కువై ఉంటుంది, మరుసటి ఏటి రంజాన్‌కు ఆపడం ఇంకా అవసరమై ఉంటుంది. ఇదీ నా పేపరు. నువ్వు రాయనిచ్చి ఉంటే, నా పేరు మొదటిగా, అచ్చులో, శాశ్వతంగా ఉండేది. నువ్వు ఆపావు, ఎందుకో చెప్పకుండా. నేను నిన్ను దొంగ అన్నాను.

ఈ ఏడు ఆపాకు ఏం చేయాలో ఇద్దరం కలిసి ఆలోచించాం. వేరే మందుకు మెల్లగా మార్చడానికి వారం రోజుల్లో కుదరదు. ఈసారి మొదటి పది రోజాలు తక్కువ మోతాదుతో ఉండి చూస్తానంది, మధ్యలో రెండుసార్లు రక్తం ఇస్తానంది, తేడా వస్తే రోజా విడవడానికి కూడా ఒప్పుకుంది. రోగికి అందులో మినహాయింపు ఉందని ఆమే నాకు చెప్పింది. ఒప్పుకున్నది చేస్తుందో లేదో తెలియదు. ఇదివరకైతే తెలుసనుకునేదాన్ని.

లేచి వెళ్ళబోతూ అడిగింది: "గా బెంగళూరు పిల్లకు అప్పుడే చెప్పిన. మీకు చెప్పలేదా?"

"లేదు ఆపా. ఎంత అడిగినా చెప్పలేదు."

"అడిగిన్రా?"

"మస్తు అడిగిన. బెదిరించిన గూడ."

 "పక్కీ పిల్ల" అంది. "గా పిల్లకు రాయున్రి, ఇక్బాలున్నీసా తనంతట తనే చెప్పిందని. నా పేరు వెట్టే రాయున్రి." మాట మీద నిలబడే మనిషని, ఆ "పక్కీ" అనే మాట అనేటప్పుడు ఆమె గొంతులో ఉన్నది నేను ఇన్నేళ్ళలో నా గురించి వినలేదు. నా కళ్ళలో దుమ్ము పడింది.

నాగమణమ్మ ఇంటికి వెళ్ళాను. నువ్వు ఏమీ చెప్పలేదని చెప్పాను. నీ మీద కోపం లేదంది. నా మీద ఉంది. మహబూబ్ చేత మందులు తెప్పించుకుంటోంది, మనిషి మాత్రం రావడం లేదు. రోజూ బెంచీ వైపు చూస్తున్నాను.

నీ పేపర్లో రెండో కేంద్రం అలాగే ఉండనీ. ఆ వాక్యం కూడా ఉండనీ. "డాక్టరుతో పరిచయం ఎంత పాతదైతే" అన్నది. నిజమే కాబట్టి ఉండనీ, నాకు నచ్చిందని కాదు.

నాకు ఇంకో ప్రశ్న పుట్టింది. ఎదురుగా కూర్చుంటే పేషంట్లు ఎంత చెబుతారు, పక్కన కూర్చుంటే ఎంత చెబుతారు? పిచ్చి ప్రశ్నేమో. నాకు తెలియదు, నువ్వు చెప్పాలి. పిచ్చిది కాకపోతే ఇది నా స్టడీ. సాయానికి నువ్వు రావాలి. షరతులు తెలుసుగా: మేడ మీది గదిలో నువ్వు ఉండకూడదు. మెట్ల కింద నా కుర్చీ ఖాళీగా ఉంటుంది, అక్కడ కూర్చుని నవ్వులు విను.

వచ్చే ఆదివారం నుంచి రోజాలు. ఆపా ఈ ఏటి తొలి మల్లెలు తెచ్చింది. ఎప్పుడూ ఒక మూరే తెస్తుంది, ఈసారి రెండు. ఒకటి నీకట. "గా పిల్లకు పంపున్రి" అని మరీ మరీ చెప్పింది. బెంగళూరు చేరేలోపు వాడిపోతాయి కదా.

రెండూ నేనే పెట్టుకున్నాను.

నీ వదిన
కోమల